పెట్టె మీద సవారీ

లిఫ్టులు బాగుచేసేవాడి బతుకులో ఒక తమాషా ఉంది. లిఫ్టు ఆడుతున్నంతకాలం అతని మొహం ఎవరికీ గుర్తుండదు, ఆగిపోయాకే కబురొస్తుంది. అంటే నలుగురికీ లిఫ్టు ఆడించే మనిషి తాను మాత్రం జన్మంతా మెట్లెక్కుతూనే ఉండాలి. మన మెకానిక్ అలా ఎక్కీ ఎక్కీ కుడి మోకాలు అరగదీసుకున్నాడు. ఆ సంగతి భార్యకు తెలుసు, బావమరిదికి తెలుసు. కంపెనీకి తెలియదు, తెలియకూడదు. మెట్లెక్కలేనివాళ్ళను కంపెనీ ఫిర్యాదుల గదిలో ఫోను ముందు కూర్చోబెడుతుంది. "కాస్త ఓపిక పట్టండి, మనిషి బయల్దేరాడు" అని పొద్దస్తమానం చెప్పడమే అక్కడి ఉద్యోగం. అది అతనికి చావుతో సమానం.

ఈసారి పని పరాయి ఊళ్ళో పడింది. "కాలికి శ్రమ ఉండదు బావా" అంటూ బావమరిది ఒక చక్రాల పెట్టె తెచ్చిచ్చాడు. లోపల సామాను, పైన మనిషి. ముందున్న పిడి పట్టుకుని మీట నొక్కితే బ్యాటరీతో పరుగెడుతుంది. బావమరిది దాన్ని విమానాశ్రయంలో నున్నటి నేల మీద తోలి మురిసిపోయాడు. పాపం, అతనికి రోడ్లతో పరిచయం తక్కువ.

రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన నడుముతో మెకానిక్ స్టేషన్ బయట పెట్టె ఎక్కాడు. పైపుల కోసం వీధంతా తవ్విపోశారు, ఆటోలు రామన్నాయి. మోకాళ్ళు గుండెలకు ఆనించుకుని కాస్త దూరం సాఫీగానే పోయాడు. అంతలో గుంత వచ్చింది. దిగాడు, పెట్టె ఎత్తి అవతల పెట్టాడు, మళ్ళీ ఎక్కాడు. కంకర కుప్ప వచ్చింది. దిగాడు, ఎత్తాడు, ఎక్కాడు. లోపల పనిముట్లు, వాటికి తోడు బ్యాటరీ. పెట్టె గాడిద బరువుంది. నడిచిపోయినా ఇన్నిసార్లు మోకాలు వంచే పని ఉండేది కాదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది.

రోడ్డు పక్కన పళ్ళమ్మే ముసలావిడ ఇదంతా చూస్తోంది.

"పల్లకీ బాగానే ఉంది, బోయీలేరి నాయనా?" అంది.

"బోయీని కూడా నేనే అవ్వా" అన్నాడు మెకానిక్.

ఆ మాటకు ఆవిడ నవ్వింది గానీ అతనికి నవ్వే ఓపిక లేదు. మరో నాలుగడుగులు పోయేసరికి ముందు చక్రం కాలవ మూత సందులో దిగబడి వంకరపోయింది. అక్కణ్ణుంచి పెట్టెను ఈడ్చుకుంటూ, కుంటుకుంటూ లిఫ్టు ఆగిపోయిన ఎనిమిదంతస్తుల మేడకు చేరాడు.

గుమ్మంలో కంపెనీ సూపర్‌వైజర్ ఎదురుచూస్తున్నాడు. ఒకప్పుడు ఇతని దగ్గరే పని నేర్చుకున్నవాడు.

"ఏంటి గురువుగారూ, ఇలా చెమటలు కక్కుతున్నారు?"

"ఎండరా."

మెకానిక్ లిఫ్టు బటన్ నొక్కి చెవి ఒగ్గాడు. దీపం వెలిగింది. పైన మోటారు బ్రేకు వదిలిన చప్పుడు మాత్రం రాలేదు. జబ్బు మిద్దె మీద మెషిన్ గదిలో ఉందని అతనికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. మెట్ల వైపు ఒకసారి చూశాడు.

"కిందే ఉంది. గుంటలో" అన్నాడు.

అన్నది నోరే గానీ అనిపించింది మోకాలు. లిఫ్టు అడుగున ఉండే గుంటలోకి దిగి, కాలు చాపుకుని కూర్చుని, బాగున్న నట్లనే విప్పి మళ్ళీ బిగించసాగాడు. సెలవుల కోసం అబద్ధాలాడాడు, పెళ్ళాంతో ఆడాడు, లిఫ్టు విషయంలో ఎన్నడూ ఆడలేదు. చల్లటి గుంటలో కాలికి హాయిగానే ఉంది. మనసుకే సిగ్గుగా ఉంది. పైనుంచి సూపర్‌వైజర్ ఏమీ అనుమానించకుండా టార్చి పట్టుకుని నిలబడ్డాడు. అదింకా సిగ్గు.

అప్పుడొచ్చిందొకావిడ. అయిదో అంతస్తులో ఉంటుందట. ఆసుపత్రిలో కాలికి కట్టు మార్పించుకుని వస్తోంది. మొదటి మెట్టు మీద వెనక్కి తిరిగి కూర్చుని, చేతులు ఆనించి ఒళ్ళు పై మెట్టుకు లాక్కోబోయి ఆగింది. ఎవరూ చూడనప్పుడు మెకానిక్ ఇంట్లో మెట్లెక్కేదీ అలాగే.

"నాయనా, ఇది ఇప్పట్లో అవుతుందా?" అంది. "ఆగమంటే ఆగుతాను, ఎక్కమంటే ఎక్కుతాను. ఏ సంగతీ చెప్పు."

మెకానిక్ ఆగమనలేడు, ఎక్కమనలేడు. రెంచి కింద పెట్టి గుంటలోంచి పైకొచ్చాడు.

"ఒరే, ఇక్కడేం లేదు" అన్నాడు సూపర్‌వైజర్‌తో. "జబ్బు పైనుంది. బటన్ నొక్కినప్పుడే తెలుసు. నా మోకాలు మెట్లెక్కదు."

"ఎప్పట్నుంచి?"

"చాన్నాళ్ళయింది."

సూపర్‌వైజర్ టార్చి ఆర్పాడు. తర్వాత పెట్టె తెరిచి కావలసిన పనిముట్లు తీసుకుని, "పైన ఏం చూడమంటారు?" అన్నాడు. బ్రేకుకు కరెంటిచ్చే రిలే చూడమన్నాడు మెకానిక్. అతను మెట్లు రెండేసి చొప్పున ఎక్కిపోతుంటే, ఆ మోకాళ్ళను చూసి మెకానిక్‌కి అసూయ కలిగింది.

"దీని మీద కూర్చోండమ్మా" అని పెట్టె ఆవిడ ముందుకు జరిపాడు. "నడవదు గానీ కూర్చోడానికి బానే ఉంటుంది."

ఇద్దరూ కాళ్ళు చాపుకుని ఎదురుచూశారు. ఎట్టకేలకు పైన బ్రేకు టక్కుమంది, మోటారు మూలిగింది. లిఫ్టు దిగి వచ్చింది. సూపర్‌వైజర్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, ఇతని మొహంలోకి చూడకుండా, "ఆఫీసులో చెప్పక తప్పదు గురువుగారూ" అన్నాడు.

"చెప్పు" అన్నాడు మెకానిక్.

ఆవిడ లిఫ్టులోకి వెళ్ళి, తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డంపెట్టింది.

"నువ్వూ రా నాయనా. మా ఇంట్లో కాసిని మంచినీళ్ళు తాగి పోదువుగాని."

"వద్దమ్మా, మీరు వెళ్ళండి" అన్నాడతను. "నాకింక పైన పనేం లేదు."