ఆరాధన మందారం

వెంకటరావమ్మ టీచరుకి గీత దాటిన రంగు కనిపిస్తే చాలు, చేతులు దురద పెడతాయి. ఇరవై రెండేళ్ళుగా ఆ ఊళ్ళో అంగన్‌వాడీ నడుపుతున్న మనిషి. ఊళ్ళో కుర్రకారులో సగం మంది ఆవిడ దగ్గర ‘అ’ దిద్దినవాళ్ళే. గోడ మీద రాసిన అక్షరం వంకర పోకూడదు, బియ్యం డబ్బా మీద మూత వారగా ఉండకూడదు, పిల్లల చెప్పులు సైతం గడప బయట వరసగా ఉండాల్సిందే. అలాంటి మనిషి కళ్ళెదుట మూడేళ్ళ పిల్లలు క్రేయాన్ పట్టుకుని బొమ్మ దాటి, కాగితం దాటి, చాప మీద కూడా గీసేస్తుంటే ఎంతకని ఓర్చుకుంటుంది చెప్పండి?

ఆ ఏడు కొత్తగా ఒక ఏర్పాటు వచ్చింది. ఒక్కో పిల్లకీ ఒక్కో ఫోల్డర్ పెట్టాలి. వారానికో అచ్చు బొమ్మకి పిల్లల చేత రంగులు వేయించాలి. శనివారం నాడు ఆ బొమ్మలు ఫొటో తీసి, సెంటర్లన్నీ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. పసివేళ్ళకి పట్టు వస్తుందనీ, రేపు పలక పట్టడానికి అదే పునాది అనీ మీటింగులో చెప్పారు. వెంకటరావమ్మ శ్రద్ధగా విని నోట్సు కూడా రాసుకుంది. వినడంలో లోపం లేదు పాపం.

మొదటి వారం కోటేష్ వేసిన చిలక చూసి ఆవిడకి మతిపోయింది. ముక్కు పచ్చగా, తోకకి రంగే లేకుండా, ఆకాశమంతా ఎర్రగా వేశాడు వాడు. ఫొటో తీసే ముందు తోక ఒక్కటీ సర్దింది. గ్రూపులో సూపర్‌వైజర్ జ్యోతిర్మయి గారు బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టి, మిగతా సెంటర్లవాళ్ళు చూసి నేర్చుకోవాలని రాశారు. అదిగో, అక్కడ మొదలైంది తంటా. మరుసటి వారం తోకతో పాటు రెక్క కూడా సర్దింది. నవంబరు దాటేసరికి మధ్యాహ్నం అన్నాలు తిని పిల్లలు నిద్రపోగానే, టీచరుగారు చాప మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, పద్దెనిమిది మంది బొమ్మలకీ రంగులు వేసెయ్యడం అలవాటైపోయింది. అబద్ధమాడుతున్నానని ఆవిడకి ఒక్కనాడూ తోచలేదు. పిల్లల ముక్కులు తుడవడం లేదా, జడలు సర్దడం లేదా, ఇదీ అలాంటిదే అనుకుంది.

క్రేయాన్లంటారా, అవి బీరువాలో ఉండేవి. అరగంట ఇచ్చి మళ్ళీ తీసుకుని పెట్టెలో సర్దేది. ఏ పిల్లైనా విరగ్గొడితే ఆ పూటంతా ఆవిడ మొహం చూడలేకపోయేవాళ్ళు.

ఆ పద్దెనిమిది మందిలో ఆరాధన ఒకతె. నాలుగేళ్ళ పిల్ల. తల్లి గుంటూరులో నూలు మిల్లులో పని చేస్తూ ఆదివారాలు వచ్చి పోతుంది. పిల్లని పెంచేదంతా అమ్మమ్మ ఎలీసమ్మే. ఆమె మిరపకాయల పనికి పోతుంది. తొడిమలు తీయడంలో ఊళ్ళో ఆమె తరవాతే ఎవరైనా. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక్క చిటికె, తొడిమ అటూ కాయ ఇటూ. కళ్ళు మూసుకుని కూడా తీయగలదు.

జనవరిలో మిరప కోతలు మొదలైతే ఆ ఊళ్ళో పిల్లల చేతులన్నీ మంటలే. ఇంటి ముందు కాయలు, కల్లంలో కాయలు, మంచం కింద కాయలు. పిల్లలు కెలక్కుండా ఉంటారా? అంగన్‌వాడీకి వచ్చి చేతులు ఊదుకుంటూ ఏడుస్తారు. టీచరు గూట్లో కొబ్బరినూనె సీసా, కుండలో మజ్జిగ సిద్ధంగా పెట్టుకుంటుంది. కాబట్టి ఆరాధన కుడిచెయ్యి పిడికిలి బిగించి ఒళ్ళో దాచుకుని, ఎడంచేత్తో క్రేయాన్ అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చుంటే, ఆవిడకి రెండో ఆలోచన రాలేదు. మంట పెడుతోంది కాబోలు పిచ్చితల్లికి అనుకుంది. పిడికిలి పైన నూనె రాసింది. ఆ వారం బొమ్మ మందారం పువ్వు. మధ్యాహ్నం పిల్ల నిద్రపోయాక దానికి తనే చక్కగా ఎరుపు నింపింది. మంచి మనసుతోనే చేసింది, అదే వచ్చిన చిక్కు.

ఆ సాయంత్రం పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చిన ఎలీసమ్మ టీచరు వేళ్ళ కొసలు ఎర్రగా ఉండడం చూసి, మీరూ కల్లంలోకి దిగారా ఏంటి అని వేళాకోళమాడింది. వెంకటరావమ్మ నవ్వేసి సబ్బుతో చేతులు కడుక్కుంది. ఎలీసమ్మ మాత్రం కదల్లేదు. చెప్పాలా వద్దా అని తటపటాయిస్తూనే నోరు విప్పింది.

“టీచరమ్మా, పిల్ల కుడిచెయ్యి సరిగ్గా వాడట్లేదమ్మా. ముద్ద ఎడంచేత్తోనే తింటంది. గౌను బొత్తాం పెట్టుకోమంటే ఆ పిడికిలి తెరవదు.”

కల్లంలో తిప్పితే మంట పెట్టదా మరి, కోతలు అయ్యేదాకా అంతేలే అని టీచరు కసిరింది. మాటల్తో తేలేలా లేదని ఫోల్డర్ తెరిచి మందారం చూపించింది. ఎలీసమ్మ ఆ కాగితాన్ని రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు చూసింది. ఇది మా పిల్లే వేసిందా అని అడిగింది. కాదు, నేను వేశాను అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ వెంకటరావమ్మ నోట్లోంచి వచ్చింది వేరే మాట.

“మరెవరేస్తారు?”

ఎలీసమ్మ మొహం వికసించింది. ఆ బొమ్మ అడిగి తీసుకెళ్ళి, నాలుగు మెతుకులు నలిపి, చర్చి క్యాలెండరు పక్కన గోడకి అంటించింది. ఆదివారం ప్రార్థనకి వచ్చిన వాళ్ళని ఇంటికి పిలిచి మరీ చూపించిందట. రోజూ పిల్ల ఎడంచేత్తో అన్నం తినడం చూస్తున్న తన కళ్ళకంటే, టీచరుగారి మాటే ఆమెకి ఎక్కువ అయింది.

ఏప్రిల్‌కి కోతలు అయిపోయాయి. కల్లాలు ఊడ్చేశారు. కోటేష్ చేతులు మామూలైపోయాయి, మిగతావాళ్ళవీ అంతే. ఆరాధన పిడికిలి మాత్రం అలాగే ఉంది. ఒకరోజు టీచరు ఆ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వేళ్ళు మెల్లగా విప్పింది. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుని ఉంది. క్రేయాన్ పెడితే జారిపోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది. పిల్ల ఏడవలేదు, ఆ చెయ్యి తనది కానట్టు చూస్తూ కూర్చుంది. వెంకటరావమ్మకి అప్పుడు అర్థమైంది. నాలుగు నెలలుగా తను నూనె రాసింది మంటకి కాదు.

వెంటనే ఎలీసమ్మ ఇంటికి వెళ్ళి చెప్పేసి ఉంటే కథ వేరేగా ఉండేది. రేపు చెబుదాం అనుకుంది. రేపు రెండు వారాలయింది. ఈలోగా మండలంలో క్యాంపు పెడుతున్నట్టు కబురొచ్చింది. గుంటూరు నుంచి థెరపీ చేసేవాళ్ళు వచ్చి పసిపిల్లల్ని చూస్తారు. అవసరమున్న పిల్లల్ని ఎంచుకుని, వారం వారం గుంటూరులో ఉచితంగా చేతులకి, కాళ్ళకి తర్ఫీదు ఇస్తారు. మళ్ళీ క్యాంపు ఏడాదికి గాని లేదు. టీచరుకి ప్రాణం లేచొచ్చింది. పిల్లని చూపిస్తే చాలు, వాళ్ళే కనిపెడతారు, తను నోరు విప్పే పనే ఉండదు. ఇంత వయసొచ్చాక కూడా మనిషి బుద్ధి ఎన్ని సందులు వెతుక్కుంటుందో చూడండి.

ఎలీసమ్మనీ పిల్లనీ వెంటబెట్టుకుని క్యాంపుకి వెళ్తే, అక్కడ జనం తిరనాళ్ళలా ఉన్నారు. వీళ్ళ వంతు వచ్చేసరికి రెండయింది. ఆరాధన నిద్రమత్తులో అమ్మమ్మ భుజానికి కరుచుకుపోయింది. పిల్లల్ని చూస్తున్న అమ్మాయి పేరు శ్రీరమ్య, ఓపికైన మనిషే. పొద్దున్నుంచీ అరవై మందిని చూసి అలిసిపోయి ఉంది. చేతులు పైకెత్తమంటే పిల్ల సగం సగం ఎత్తింది. పెన్సిల్ పట్టుకోమంటే గుక్కపట్టి ఏడ్చింది. అప్పుడు ఎలీసమ్మ సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసింది. గోడ మీంచి ఊడదీసి తెచ్చిన మందారం. నా మనవరాలి చెయ్యి బాగానే ఉందమ్మా, ఇదిగో చూడండి అని గర్వంగా ఇచ్చింది. పిల్లకి అవిటితనం అంటగడతారేమోనని ఆమె భయం ఆమెది.

శ్రీరమ్య కాగితం చూసి తేలిగ్గా నవ్వింది. ఇంత నీటుగా గీత దాటకుండా వేసిందంటే పట్టు బాగున్నట్టే, కొత్తవాళ్ళని చూసి బెదిరింది, వచ్చే ఏడు మళ్ళీ చూద్దాం అని చీటీ మీద రాయబోయింది. వెనకాల ఇంకో పిల్లాణ్ణి అప్పటికే ముందుకి తోస్తున్నారు. పక్కనే జ్యోతిర్మయి గారు నిలబడి ఉన్నారు. వెంకటరావమ్మ చీటీ మీద వాలుతున్న పెన్ను చూసింది. ఆ పెన్ను కాగితం మీద పడితే ఒక ఏడాది పోతుంది.

“ఆ మందారం నేనేశానండి,” అంది.

పెన్ను ఆగింది. జ్యోతిర్మయి గారు కంగారుపడి, చెయ్యి పట్టి వేయించి ఉంటారులే, అందరూ అలాగే సాయం చేస్తారు అని సర్దబోయారు. మంచి దారే చూపించారు ఆవిడ. తలాడిస్తే సరిపోయేది.

“సాయం కాదండి. నేను రంగు వేస్తున్నప్పుడు పిల్ల నిద్రపోతోంది. ఈ పిల్ల ఫోల్డర్‌లో ఒక్క బొమ్మ కూడా తనది కాదు. మిగతా పిల్లలవి కూడా చాలామటుకు నేను వేసినవే.”

చుట్టూ ఉన్నవాళ్ళంతా ఇటే చూస్తున్నారు. సిగ్గుతో ఆవిడకి తల కొట్టేసినట్టయింది. అయినా అది పెద్ద దెబ్బ కాదు. ఎలీసమ్మ కేకలేసి ఉంటే బాగుండేది. ఆమె కేకలెయ్యలేదు, మెల్లగా అడిగింది.

“నేనడిగాను కదా టీచరమ్మా. అడిగితే, మరెవరేస్తారు అన్నారు.”



శ్రీరమ్య కుర్చీ జరుపుకుని పిల్లని మళ్ళీ చూసింది, ఈసారి తాపీగా. పుట్టినప్పుడు ఎలా ఉందని అడిగితే, ఆలస్యంగా ఏడ్చిందని ఎలీసమ్మ చెప్పింది. ఈ చేతి ఇబ్బంది అప్పటిదే కావచ్చంది శ్రీరమ్య. ఆరాధన పేరు జాబితాలో ఎక్కింది. ఇంకా ముందే తెలిస్తే బాగుండేదిగానీ ఇప్పుడైనా మించిపోయింది లేదంది ఆ అమ్మాయి. వారం వారం గుంటూరులో చేసేది చాలదనీ, రోజూ ఆ వేళ్ళకి పని పెట్టాలనీ, దానికి రంగులకు మించిన ఆట లేదనీ చెప్పింది. పొడుగు క్రేయాన్లు ఇస్తే పిల్లలు పిడికిట్లో పట్టేసుకుంటారట. బొటనవేలి గోరంత ముక్కలు చేసి ఇస్తే పిడికిట్లో ఇమడవు, వేళ్ళు ముందుకి రాక తప్పదట. కాగితం గోడకి అంటించి నిలబెట్టి వేయించమంది. గీతల గొడవ ఇప్పట్లో వద్దంది.

ఆ సోమవారం వెంకటరావమ్మ బీరువా తీసి క్రేయాన్ల పెట్టెలన్నీ చాప మీద కుమ్మరించింది. ఒక్కోటీ తీసి ఫట్, ఫట్ మని విరిచింది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. టీచరుకి ఏమైందోనని కోటేష్ వంట గదిలోకి పారిపోయాడు. తరవాత ఆ దొంగ బొమ్మల గురించి పైనుంచి మెమో వచ్చింది. సంజాయిషీ ఏ వంకా పెట్టకుండా ఒక పేజీలో రాసి ఇచ్చింది. గ్రూపులో ఆవిడ సెంటరు ఫొటోలకి బొటనవేళ్ళు ఆగిపోయాయి. ఇప్పుడవి నిజం ఫొటోలు, అందులో చిలకలకి తోకలు లేవు.

ఎలీసమ్మ పిల్లని మానిపించలేదు. పొద్దున దింపేది, సాయంత్రం తీసుకెళ్ళేది. మధ్యలో ఒక్క మాట లేదు. గురువారాలు తర్ఫీదుకి వెళ్ళే గుంటూరు బస్సులో టీచరు కూడా వెళ్ళేది. ఎలీసమ్మ పక్క సీట్లో కూర్చోనిచ్చేది గానీ, కిటికీలోంచి చేల వైపు చూస్తూ ఉండేది. మాట్లాడమని అడిగే మొహం లేదు వెంకటరావమ్మకి.

పత్తి చేలు మోకాలెత్తు పెరిగాయి. ఆగస్టులో ఒక మధ్యాహ్నం, గోడకి అంటించిన మందారం ముందు ఆరాధన నిలబడింది. ఎర్ర ముక్క తీసుకుంది. బొటనవేలు ముడుచుకోబోయి, ఆగి, మెల్లగా బయటికి వచ్చి చూపుడువేలికి ఆనుకుంది. నాలుక బయటపెట్టి గీసింది. ముక్క కింద పడింది. వంగి తీసుకుంది. మళ్ళీ పడింది, మళ్ళీ తీసుకుంది. గంటసేపట్లో ఒక రేకు సగం ఎర్రబడింది, మిగతా ఎరుపంతా గీత దాటి, ఆకుల మీదుగా గోడ మీదకి పోయింది. వెంకటరావమ్మకి పాత దురద పుట్టుకొచ్చింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, వేళ్ళు వేళ్ళలో బిగించి, అలాగే నిలబడింది.

సాయంత్రం ఎలీసమ్మ వచ్చింది. టీచరు కాగితం తీసి చేతికిచ్చింది. ఎలీసమ్మ దాన్ని చూడనైనా చూడలేదు. చెయ్యి చూపించవే అని మనవరాల్ని దగ్గరకి లాక్కుని, కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసింది. బొటనవేలి గోరు సందులో ఎర్రటి మైనం ఇరుక్కుని ఉంది. చూపుడువేలి కొసన కూడా ఉంది. తరవాత తలెత్తింది.

“టీచరమ్మా, మీవి కూడా చూపించండి.”

వెంకటరావమ్మ వెనక పెట్టుకున్న చేతులు ముందుకి తెచ్చి, అరచేతులు చాపింది. తప్పు చేసి దొరికిన పిల్లలు ఆవిడ ముందు అలాగే చాపేవాళ్ళు. ఎలీసమ్మ ఆ చేతులు పట్టుకుని, ఒక్కో వేలూ, ఒక్కో గోరూ పరీక్షగా చూసింది. ఎక్కడా ఎరుపు లేదు.

అప్పుడు గాని ఆమె కాగితం వైపు చూడలేదు. గీతలు దాటిన ఆ గజిబిజి ఎరుపుని వేలితో తడిమింది. ఆమె కళ్ళు నిండాయి.

“మధ్యాన్నం అన్నం ఏమన్నా మిగిలిందా టీచరమ్మా? నాలుగు మెతుకులు పెట్టండి, గోడకి అంటించుకోవాలి.”

వెంకటరావమ్మ కళ్ళు తుడుచుకుంటూ, మెతుకులు తేవడానికి వంట గదిలోకి వెళ్ళింది.