ఆపిన బొమ్మలో వాన

ఆపి చూసినంత మాత్రాన అంతా చూశాననుకునే నీకే చెబుతున్నాను, చెవి ఇటు పెట్టు. మనిషిని ఒక్క మాటతో తూచేస్తావు. పుస్తకాన్ని ఒక్క పేజీతో తేల్చేస్తావు. అడిగితే నాకు తెలుసంటావు. డెస్ పాస్కో కూడా అలాగే అన్నాడు.

డెస్‌ది దక్షిణ ఆస్ట్రేలియాలో, నమ్మకంగా వాన పడే నేలకు హద్దని గీసిన గోయిడర్ గీతకు అవతల, గోధుమ ఒక ఏడు పండితే రెండేళ్లు ఎండే నేల మీది యాటెర్లీ అనే ఊరు. రైల్వేలో సిగ్నళ్లు చూసి రిటైరయ్యాడు. పొద్దున్నే టోస్టు తిని టీ కప్పుతో ముందుగదిలో కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేవాడు కాదు. పాత మూకీ సినిమాలంటే పిచ్చి. ఒకే సినిమా క్యాసెట్టుగా ఒకసారి, డిస్కుగా ఇంకోసారి వస్తే, ఏది మేలో తేల్చి సేకరించేవాళ్ల పత్రికకు రాసేవాడు. రెండు టీవీలు పక్కపక్కన పెట్టి, రెండింట్లోనూ ఒకే చోట బొమ్మను ఆపి, అంచులూ నీడలూ గీతలూ పోల్చేవాడు. ఆ పని చేసేవాళ్లందరిదీ అదే పద్ధతి. కదిలే బొమ్మను ఎవరు పోల్చగలరు?

తాతల కాలంలో ఆ ఊళ్లోనే తీసిన మూకీ ఒకటుంది. కరవు కథ. చివర్లో వాన పడుతుంది, జనం వీధిలోకి వస్తారు, ఒక చిన్నపిల్ల ఎనామిల్ గిన్నె పైకెత్తి నిలబడుతుంది. దాని క్యాసెట్టు ఏ ఇంట్లో వేసినా, ఆ చోటికి వచ్చేసరికి టీవీ అడుగునుంచి నీళ్లు కారేవి. అందరూ ముందే బేసిన్ పెట్టుకునేవాళ్లు. కార్పెట్టు కుళ్లిపోతోందని డెస్ భార్య ఆల్వెన్ సణిగేది. అంతకుమించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

గిన్నె ఎత్తిన పిల్ల పక్కింటి థోరా ట్రెవెనా తల్లి. ఆ తల్లి పెరట్లో నాటిన ఆప్రికాట్ చెట్టంటే థోరాకు ప్రాణం. వానల్లేక, ఇంటి కప్పు మీది వాననీళ్లు పట్టే ఆమె ట్యాంకు అడుగంటింది. చెట్టును బతికిస్తున్నది సినిమా నీళ్లే. రోజూ టీ వేళకు క్యాసెట్టు వేసి, నిండిన బేసిన్‌ను రొమ్ముకు ఆనించుకుని మోసుకెళ్లి, చెట్టు మొదలుకు పోసేది. ఆడీ ఆడీ టేపు అరిగింది. నీళ్లు చుక్కలకు దిగాయి.

అప్పుడే సిడ్నీలో ఒక కంపెనీ ఆ సినిమాకు మిగిలిన ఒకే ఒక్క రీలును కంప్యూటరులోకి ఎక్కించింది. ఎక్కించాక రీలు పొడై రాలిపోయింది. మరకలూ గీతలూ యంత్రంతో తుడిపించి, కొత్త డిస్కు ఒకటి డెస్‌కు పంపారు. పాతదానితో పోల్చి చూడమన్నారు. ఆయన సరేనంటే తుడవని కాపీని చెరిపేస్తామన్నారు.

డెస్ వాన చోట రెండు టీవీలనూ ఆపాడు. క్యాసెట్టులో నిలువునా తెల్లటి గీతలు. కొత్త డిస్కులో అద్దంలాంటి బొమ్మ. ఆపిన చోట నీళ్లు కారవు కాబట్టి కార్పెట్టూ తడవలేదు. ఆల్వెన్ సంతోషించింది.

కొత్తది వచ్చిందని తెలిసి థోరా వచ్చింది. చేతిలో బేసిన్ ఉంది.

"ఒక్కసారి ఆపకుండా ఆడనివ్వు, డెస్."

"ఎందుకు మిసెస్ ట్రెవెనా? ఇదుగో, చూడండి. మీ అమ్మ రెప్పవెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు."

"రెప్పవెంట్రుకలు నాకెందుకయ్యా? అమ్మ తడుస్తుందో లేదో చూడాలి."

"మీరు కళ్లద్దాలు మార్చుకోండి. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా, నాకు చెప్పకండి."

థోరా ఖాళీ బేసిన్‌తో వెళ్లిపోయింది. డెస్ సిడ్నీకి సరేనని రాశాడు. కొత్తదే అసలైనదని, పాతవి చెత్త అని ఊరంతా చెప్పాడు. ఆయన మాటంటే ఊరికి గురి. ఇంటింటి క్యాసెట్టూ తనే తన బండిలో ఎక్కించుకుని చెత్తదిబ్బకు తోలాడు. కొత్తది ఉందిగా అంటూ థోరాదాన్ని కూడా. అక్కడ వాటిని మట్టిలో తొక్కేశారు.

ఊరి జనం కూడే ఇన్‌స్టిట్యూట్ హాల్లో కొత్త డిస్కు వేసిన రోజు ఊరు ఊరంతా బకెట్లతో వచ్చింది. చివరి ఘట్టం వచ్చింది. తెర మీద జనం వీధిలోకి వచ్చారు, ముఖాలు పైకెత్తారు, నవ్వారు. వాన లేదు. యంత్రానికి వానకూ గీతకూ తేడా తెలియలేదు. అంతా తుడిచేసింది. పిల్ల గిన్నె ఎత్తి వట్టి ఆకాశం కేసి చూస్తూ నిలబడింది. సినిమా అయిపోవలసిన చోట అయిపోలేదు. పిల్ల చేతులు దించలేదు. చివరికి ఎవరో స్విచ్చి ఆపారు.

"కాళ్లు నొప్పెడుతుంటాయి దానికి," అంది థోరా, తన తల్లి గురించి. ఎవరూ డెస్ వైపు చూడలేదు.

ఆయన సిడ్నీకి ఫోను చేశాడు. చెరిపేశామని, ఆయన చెప్పాకే చెరిపామని మర్యాదగా చెప్పారు. దిబ్బ మీద గడ్డపారతో తవ్వి చూశాడు. దొరికిన టేపు ఎండుగడ్డిలా విరిగిపోయింది. ఇక చేతనైంది ఒక్కటే. తన ట్యాంకులో నీళ్లు బకెట్లతో తోడి ఆప్రికాట్ చెట్టుకు మోశాడు. ఆల్వెన్ స్నానం మానుకుని ఊరుకుంది కానీ, ట్యాంకు అడుగు కనబడ్డాక చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. డెస్‌ను థోరా వద్దనలేదు, రమ్మనలేదు. పెరటి వాకిట్లో కుర్చీ వేసుకుని చూస్తూ ఉండేది. ఆకులు రాలాయి. గోటితో గీకితే బెరడు కింద పచ్చదనం లేదు.

థోరా చెట్టును నరికించిన వారంలోనే మబ్బు పట్టింది. ఏళ్ల తర్వాత పెద్ద వాన. జనం బూట్లు కూడా లేకుండా వీధిలోకి ఉరికారు. అందరి ట్యాంకులూ నిండాయి, డెస్‌ది తప్ప. ఆయన రేకుల మీద మోత లేదు, పెరట్లో దుమ్ము అలాగే ఉంది. ఆయన బయటికి వచ్చి జనం మధ్య నిలబడ్డాడు. భుజం రాసుకుని నిలబడ్డవాళ్లు తడిసి ముద్దవుతున్నారు. ఆయన చొక్కా మీద చుక్క లేదు.

థోరా తన బేసిన్ తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన దాన్ని తల పైకెత్తి పట్టుకున్నాడు. వాన వెలిసి అందరూ ఇళ్లకు పోయినా పట్టుకునే ఉన్నాడు. దించి చూసుకుంటే అడుగున దుమ్ము ఉంది. ఆనాటి నుంచి చచ్చేదాకా డెస్ పాస్కో మీద వాన పడలేదు. తాగే నీళ్లు కూడా థోరా ట్యాంకు కుళాయి దగ్గరే పట్టుకునేవాడు, ఆమె ఎదురుగా, తల వంచుకుని.