బాలింత వంతు బొగ్గు

బూడిదకు కంచె వేసినవాళ్లారా, మీరు దొంగలు. గనిలోకి దిగి బొగ్గు తవ్వింది మీరు కాదు. ఇంజను పొయ్యిలోకి పారతో ఎగదోసింది మీరు కాదు. ఆ బొగ్గు మండి, ఆవిరి పుట్టించి, మిమ్మల్ని కూచున్న సీటు కదలకుండా హైదరాబాదు చేర్చి, ఆఖరికి బూడిదై పట్టాల పక్కన పడింది. ఆ పడ్డదాన్ని కూడా వేలం పాడుకున్నారు. పారేసిన దానికి వేలమేమిటని అడిగితే చట్టం అన్నారు. మీ చట్టం వికారాబాదులో ఒక బాలింతను చన్నీళ్ల ముందు కూచోబెట్టింది. ఎట్లా కూచోబెట్టిందో, ఆ తర్వాత మీ కాంట్రాక్టరుకు ఏమి జరిగిందో చెబుతాను. నవ్వు వస్తే నవ్వుకోండి. గల్లీ అంతా నవ్వింది.

వికారాబాదు స్టేషన్ వెనక ఒక గల్లీ ఉంది. ఒకప్పుడు అక్కడి పొయ్యిలు అనంతగిరి గుట్టల కట్టెతో మండేవి. రైలొచ్చింది. మంచి మాను పట్టాల కింద దుంగలకు పోయింది, మిగిలింది పట్నం అడితీలకు పోయింది, ఇంకా మిగిలిన దానికి జవాను కాపలా వచ్చాడు. ఎండుపుల్ల ఏరినా జుల్మానా. కట్టెను తీసుకున్న రైలే గల్లీకి రాతిబొగ్గు ఇచ్చింది. దయతో ఇవ్వలేదు, వద్దనుకుని పారేసింది. ఇంజన్లు ఇక్కడ నీళ్లు పట్టుకునేటప్పుడు పొయ్యి కెలికి బూడిద దులుపుతాయి. ఆ కుప్పలో సగం కాలిన బొగ్గు ముక్కలుంటాయి. ఆడవాళ్లు తట్టలు పట్టుకుపోయి, వేళ్లు చుర్రుమంటున్నా వాటిని ఏరుకొస్తారు. గల్లీలో జొన్నరొట్టె కాలేది దానితోనే, ఇస్త్రీపెట్టె వేడెక్కేది దానితోనే, లాల్‌బీ హోటల్లో చాయ్ మరిగేది దానితోనే. హోటలంటే తడకల పందిరి, ఒక బెంచి, ఒక పొయ్యి. పొద్దుటి ప్యాసింజరు కూస్తే గల్లీ లేస్తుంది, బీదరు బండి కూస్తే పొయ్యి ముట్టిస్తుంది. ఆరేసిన బట్టల మీద మసి పడుతుంది కాబట్టి తెల్లచీర కొన్న మనిషి అక్కడ లేదు. పిల్లల కాటుక ఖర్చు రైలే పెట్టుకుంటోందని లాల్‌బీ అనేది.

కుప్ప దగ్గర కొట్లాటలు ఉండేవి, జుట్లు పట్టుకోవడాలూ ఉండేవి. కానీ ఒక కట్టుబాటు మాత్రం ఎవరూ తప్పలేదు. గల్లీలో ఏ ఇంట్లో కాన్పు అయినా, ఆ బాలింత లేచి తిరిగేదాకా పొద్దుటి ప్యాసింజరు బూడిద ఆ ఇంటిదే. తురకలైనా, హిందువులైనా, కిరస్తానీలైనా ఒకటే. దాన్ని బాలింత వంతు అనేవాళ్లు. తల్లికీ బిడ్డకూ వేడినీళ్లు కాగకుండా ఇంకో చెయ్యి ఆ కుప్ప మీద పడేది కాదు.

ఈ యాభై ఏడో సంవత్సరం చలికాలంలోనే ఆ కుప్ప చుట్టూ ముళ్లతీగ వచ్చింది. వేయించినవాడు తాండూరు జంగప్ప. అక్కడి నాపరాతి గనుల దగ్గర అతనికి సున్నపు బట్టీలున్నాయి. రాయి కాలితేనే సున్నం, బొగ్గుంటేనే రాయి కాలుతుంది. సింగరేణి బొగ్గు వ్యాగన్ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి మధ్యలో ఈ ముక్కలు కలుపుకుందామనుకున్నాడు. మిగిలింది గల్లీ వాళ్లకే తట్టల లెక్కన అమ్ముదామనుకున్నాడు. రైల్వే వేలం పెడితే పాడుకున్నాడు, పై ఆఫీసులో ఎవరో ముద్ర కొట్టారు. యాలాల నుంచి పెద్దయ్య అనే ముసలివాడిని తెచ్చి, చేతికి కట్టెనిచ్చి కంచె దగ్గర కాపలా నిలబెట్టాడు జంగప్ప.

ఆ గల్లీలోనే సంతోషమ్మ ఉంటుంది. పొద్దున చర్చి ఊడుస్తుంది, సాయంత్రం రొట్టెలు కాల్చి రైలు నౌకర్లకు అమ్ముతుంది. బిడ్డ మార్త తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. కంచె చూడగానే సంతోషమ్మ చేతిలో చీపురు పక్కన పడేసింది. లాల్‌బీని వెంటబెట్టుకుని తాండూరు బండెక్కింది.

జంగప్ప బట్టీ దగ్గర మంచం మీద కూచున్నాడు. మీసాల మీద కూడా సున్నం.

"సేటు, కుప్పంత నువ్వే తీస్కో," అంది సంతోషమ్మ. "బాలింత వంతు ఒక్కటి ఇడిసిపెట్టు. నా బిడ్డకు నెలలు నిండినయ్."

"ఏనమ్మా, నేను వేలం పాడింది బూడిదకు. బాలింతలకు పాడలే," అన్నాడు జంగప్ప కన్నడ యాసలో. "తట్టకింత అని కొనుక్కోండి. జర తక్కువ జేస్త."

"మేం ఏరితెనే గా బూడిద బొగ్గయింది," అంది లాల్‌బీ. "మేం ఏరిందే మేం కొనుడా?"

"కొనకుంటే ఏం జేస్తవు బీ? చన్నీళ్లల్ల చాయ్ పెడ్తవా?"

చుట్టూ ఉన్న కూలీలు నవ్వారు. లాల్‌బీ కూడా నవ్వింది. ఆ నవ్వు చూసే సంతోషమ్మకు భయమేసింది.

ఆ సాయంత్రం లాల్‌బీ గల్లీని హోటల్ ముందర పోగేసింది. "వాడు మనకే అమ్మాలనుకుంటున్నడు. మనం కొనకుంటె ఎవనికమ్ముతడు? పొయ్యిలు బంద్. నా హోటల్ కూడ బంద్. ఎన్ని దినాలైనా సరే." అందరూ ఒక్కొక్కరే వచ్చి చల్లారిన పొయ్యి మీద చెయ్యి పెట్టి ఒట్టేశారు. సంతోషమ్మ కూడా పెట్టింది. మార్తకు ఇంకా దినాలున్నాయని మంత్రసాని చెప్పి ఉంది మరి.

మర్నాడు గల్లీ పేలాలు నమిలింది. రైలు నౌకర్లకు రొట్టె లేదు. స్టేషన్ బాబులకు చాయ్ లేదు. అందరికంటే ఎక్కువ కష్టపడింది పెద్దయ్య. పొద్దున లాల్‌బీ చాయ్, పొద్దుగూకితే సంతోషమ్మ రొట్టె, అదే అతని బతుకు. బొగ్గు కుప్ప మీద కూచుని చలికి వణుకుతూ, "బీ, నాకొక్కనికి పెట్టరాదా," అన్నాడు.

"పెడ్త," అంది లాల్‌బీ. "నీ కట్టె ఇరిసియ్యి, ముట్టిస్త."

అతను కట్టెను వీపు వెనక్కి దాచుకున్నాడు.

ఆ మర్నాడు పొద్దు పొడవకముందే మార్తకు నొప్పులొచ్చాయి. మంత్రసాని లెక్క తప్పింది. మగపిల్లాడు పుట్టాడు. గల్లీలో ఒక్క పొయ్యి వెలగడం లేదు. మంత్రసాని వేడినీళ్లని అరుస్తోంది. లాల్‌బీ పందిట్లోకి పోయింది. హోటల్ బెంచిని తెచ్చి పక్కింటి గోడకేసి కొట్టింది, కాళ్లూ పలకా విడిపోయాయి. ఒట్టు జంగప్ప బొగ్గు మీద కానీ సొంత బెంచి మీద కాదంటూ ముట్టించింది. తల్లీ బిడ్డా స్నానం చేశారు.

బెంచి ఒక్కరోజుకే సరిపోయింది. సాయంత్రానికి సంతోషమ్మ తట్ట పట్టుకుని బయలుదేరింది. లాల్‌బీ ఎదురొచ్చింది.

"యాడికి?"

"పెద్దయ్య తాన కొననీకి. అక్కా, అడ్డం రాకు. నా బిడ్డకు సన్నిపాతం గొడితె నీ బంద్‌ను నేనేం జేస్కోవాలె?"

లాల్‌బీ తట్ట అంచు పట్టుకుంది. ఒక్క ఇల్లు కొంటే రేపు పది ఇళ్లు కొంటాయి, కంచె ఇక శాశ్వతం. కొనవద్దని బాలింత తల్లితో చెప్పడానికి నోరు రాదు.

"కొనుక్కో చెల్లె," అంది ఆఖరికి. "నిన్నెవ్వరన్న ఒక్క మాటంటె నేనున్న. గాని పొద్దుటి బండి దాక ఆగు. ఇమాముద్దీన్ డ్యూటీ అది. జర అడుగుత."

ఇమాముద్దీన్ లాల్‌బీ తమ్ముడు. ప్యాసింజరు ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్. పొద్దున బండి ఆగగానే లాల్‌బీ, సంతోషమ్మ చెరొక బిందె పట్టుకుని ఇంజను కింద నిలబడ్డారు.

"తమ్మి, నీ తాన ఇంత మంట ఉన్నది, ఇంత నీళ్లున్నయ్," అంది లాల్‌బీ. "గీ రెండు బిందెలు నింపు."

"ఆపా, ఇది ఇంజను. నీ చాయ్ పాత్ర గాదు."

"పెద్ద చాయ్ పాత్రనే. చాయ్‌పత్తి ఒక్కటి తక్కువ."

ఇమాముద్దీన్ డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు రెండు రోజులుగా లాల్‌బీ చాయ్ లేక తలనొప్పితో ఉన్నాడు. "బాలింతకేనా? పట్టియ్యి," అన్నాడు. ఇమాముద్దీన్ దిగి పక్క గొట్టం తిప్పాడు. బుస్సుమని ఆవిరి లేచి, వెనకే కుతకుతలాడే నీళ్లు బిందెలో పడ్డాయి.

"తాగకుండ్రి, నూనె వాసనుంటది. తానానికి మస్తు," అన్నాడు.

సంతోషమ్మ బిందె నెత్తినెత్తుకుని, మొహమంతా ఆవిరి చేసుకుని ఇంటికి పరుగు తీసింది. ఇంతలో గల్లీ చూసింది. రెండు రోజులుగా వేడినీళ్లు ఎరగని గల్లీ. బిందెలు, బకెట్లు, నూనెడబ్బాలు, ఏది దొరికితే అది పట్టుకుని వచ్చి ఇంజను పక్కన వరస కట్టింది. కీళ్లనొప్పుల ముసలమ్మలు ముందుకు తోసుకొచ్చారు. అదేదో పుణ్యతీర్థమనుకుని బండిలోంచి యాత్రికులు కూడా చెంబులతో దిగారు. డ్రైవరు వద్దనబోయాడు కానీ ఎవరిని వద్దనాలో తేల్చుకోలేకపోయాడు. బాయిలర్లో నీళ్లు తగ్గాయి, ఆవిరి తగ్గింది. ఇంజను మళ్లీ నీళ్లు పట్టుకుంటే తప్ప కదలదు. గార్డు జెండా చంకలో పెట్టుకుని కూచున్నాడు.

ఆ బండిలోనే జంగప్ప ఉన్నాడు. కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఏం సంగతి? బండి ఎందుకు పోతలేదు?"

"నీళ్లు పడుతున్నరు," అన్నాడు గార్డు.

"ఇంజనుకా?"

"కాదు, ఇంజన్ల కెల్లి."

జంగప్ప దిగాడు. ఆ వరసను, ఆవిరిని, తన కంచెను, కంచెలో మూతి ముడుచుకుని కూచున్న పెద్దయ్యను చూశాడు. తల తిరిగినట్టుంది, లాల్‌బీని చూసి అలవాటుగా ఒక చాయ్ అడిగాడు.

"చాయ్ లేదు సేటు. నా మంట నీ కంచెల ఉన్నది."

"తమాషా జెయ్యకు బీ. పట్నంల వ్యాగన్లు రాసే సాబు మధ్యాన్నంకే లేసిపోతడు. గీ దినం అందకుంటె నాకు బొగ్గు రాదు. బట్టీలు సల్లారుతయ్, రాయి సగమే కాలి మిగులుతది. నేను మునుగుత."

"బట్టీ సల్లారితె గింత పరేషాన్ గదా," అంది లాల్‌బీ. "బాలింత సల్లారితె ఏమైతదో గిప్పుడు సమజైందా?"

వరసలో ఉన్నవాళ్లంతా జంగప్ప మొహం చూశారు. ఒక ముసలమ్మ తన బిందె కింద పెట్టి దాని మీదే కూచుంది, ఎంతసేపైనా సరే అన్నట్టు.

"సరే," అన్నాడు జంగప్ప. "బాలింత వంతు మీదే. ఇగ ఆ గొట్టం బంద్ చెయ్యమను."

"ఒక్క వంతేనా? మిగిలిన పొయ్యిలు?"

ఇంజను నిట్టూర్చినట్టు చిన్నగా ఆవిరి వదిలింది. జంగప్ప దాన్ని చూశాడు, ఎండను చూశాడు.

"మొత్తం ఏరుకోండి. నాకు ముక్కలొద్దు, వ్యాగన్ దొరికితె చాలు. పెద్దయ్యా, తీగె తియ్యి."

పెద్దయ్యకు రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. ముళ్లు గుచ్చుకుంటున్నా లెక్కచేయకుండా గుంజలతో సహా పీకేశాడు. గుంజలను ఎత్తి లాల్‌బీకి ఇచ్చి, "బెంచికి పనికొస్తయ్. చాయ్ ఎప్పుడైతది," అన్నాడు. వరస వరసంతా గొల్లున నవ్వింది. ఇమాముద్దీన్ గొట్టం కట్టేశాడు, ఇంజను నీళ్లు పట్టుకుని ఆవిరి ఎక్కించుకుంది, బండి కూసింది. జంగప్ప పరిగెత్తి ఎక్కాడు. అతనికి ఆ రోజు వ్యాగన్ దొరికిందో లేదో గల్లీకి తెలియదు. ఎవరూ కనుక్కోలేదు. సంతోషమ్మ ఇంట్లో మాత్రం మార్త వీపు మీద వేడినీళ్లు పడ్డాయి, పిల్లాడు స్నానం కాగానే పిడికిళ్లు బిగించి నిద్రపోయాడు.

ఇప్పుడు వినండి, ముద్రలు కొట్టే పెద్దమనుషులారా. జంగప్ప విడిచిపెట్టింది ప్లాట్‌ఫారం మీద నోటిమాటతో. మీ వేలం కాగితం ఇంకా బతికే ఉంది. రేపు ఇంకొకడు పాడుకుంటాడు, ఇంకో తీగ వేస్తాడు. ఆ కాగితం రద్దు చేయండి. కుప్ప ఏరేవాళ్లదని రాసి, గల్లీలో అందరి ముందూ చదివి, గోడకు అంటించండి. వచ్చే నెల కాదు, విచారణలు కాదు. అదే స్టేషన్లో, ఈ వారంలోనే చేయండి.