ఒడ్డుకు చేరుకోవాలి

"సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. మత్స్యకారులు వేటకు వెళ్లరాదు. ఇప్పటికే వెళ్లినవారు వెంటనే ఒడ్డుకు చేరుకోవాలి" అని చదివి మైకు ఆపగానే, మా రేడియో కేంద్రం అధికారి అద్దం అవతలి నుంచి నవ్వాడు. "కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు చదివారేంటమ్మా! అల్లకల్లోలం అంటే జనం హడలిపోవాలి."

ఆ మాట నేను ఇంట్లో రోజూ వినేదే. సింకులో చెంచా కనిపించినా, దుప్పటి మడత తప్పినా మా ఆయన గుమ్మంలోనే అంటాడు, "ఇల్లంతా అల్లకల్లోలం చేసిపెట్టావు" అని. గొంతు పెంచడు. ఆ తర్వాత చేతికందింది గాల్లోకి లేస్తుంది. కిందటిసారి ఇస్త్రీపెట్టె నా చెవి పక్కనుంచి వెళ్లి గోడకు తగిలింది. పెచ్చు ఊడిన చోట నేనే రంగు పూశాను. "వాడి మనసు వెన్న, చేతికే తొందర" అంది అత్తయ్య, చీపురు అందుకుంటూ. అలా అన్న మనిషే మర్నాటి నుంచీ ఒక ఏర్పాటు చేసింది. కొడుకు ముందే ఇంటికొచ్చి చిరాగ్గా ఉంటే బాల్కనీలో ఎర్ర తువ్వాలు ఆరేస్తుంది. రేవులో జెండా చూస్తే పడవలు ఆగిపోతాయి. నేను మాత్రం చూసి కూడా మెట్లెక్కుతాను. ఎక్కేముందు కళ్లజోడు తీసి సంచిలో దాచుకుంటాను. పగిలితే అదో రాద్ధాంతం.

ఈ సాయంత్రం పాపను బడి నుంచి తీసుకొస్తూ తలెత్తి చూస్తే, ఎర్ర తువ్వాలు. అలవాటుగా కళ్లజోడు తీశాను.

"నాదీ తియ్యనా అమ్మా?" అంది పాప, కొత్త కళ్లజోడు మీద చెయ్యి వేసి.

దానికేమీ తెలియదనుకున్నాను ఇన్నాళ్లూ. నిద్రపోతోందనీ, బొమ్మలతో ఆడుకుంటోందనీ నాకు నేనే చెప్పుకున్నాను. ఇంతకాలం నా కోసం పడిన భయం ఈ భయం ముందు ఏ మూలకి? దాని వేళ్లు మెల్లగా తప్పించాను. నా కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాను.

ఇంటికి ఫోన్ చేస్తే అత్తయ్యే ఎత్తింది. "తువ్వాలు చూశావా?" అంది గుసగుసగా. వెనక ఏదో భళ్లున పగిలింది.

"చూశాను. మేం పైకి రావడం లేదు."

"చీకటి పడుతుంటే పిల్లనేసుకుని ఎక్కడికే?"

"ఇంకా తెలీదు." పాప చెయ్యి పట్టుకున్నాను. "లోపలికి వెళ్లినవాళ్లు కూడా ఒడ్డుకు రావాలి, అత్తయ్యా. చెప్పులేసుకుని వచ్చేయండి. గేటు దగ్గరే ఉంటాం."