పక్కన వేసిన కుర్చీ

అది వరద వచ్చిపోయిన ఆరో ఏడు. ఆ కాలేజీలో ఏళ్ళు లెక్కపెట్టడానికి గుమ్మం తాతకు ఆ గుర్తు ఒక్కటే చాలు. సలహా గది గోడ మీద మోకాలి ఎత్తున నీళ్ళ గీత ఇంకా ఉంది. రెండుసార్లు సున్నం వేసినా ఆ గోధుమరంగు మళ్ళీ పైకి తేలింది.

ఆ రోజు కూడా ఏడున్నరకు తాళం తీశాడు. కిటికీ తెరిచాడు. ముందురోజు సాయంత్రం ఊడ్చేవాళ్ళు బల్లకు ఎదురుగా జరిపిపోయిన కుర్చీని రెండు చేతులా ఎత్తి, బల్లకు ఇవతలికి తెచ్చి, సలహాలు చెప్పే మేడమ్ కుర్చీ పక్కన వేశాడు. దాని వెనక కాలు ఒకటి పొట్టిది. ఈడిస్తే ఇంకా అరుగుతుందని ఎప్పుడూ ఎత్తే తెస్తాడు. జేబులోంచి అట్టముక్క తీసి మడిచి ఆ కాలి కింద దోపాడు. రోజూ పొద్దున ఆయన దోపుతాడు, రోజూ సాయంత్రం వాళ్ళు దాన్ని చెత్తలో పారేస్తారు.

మేడ మీదికి వెళ్తూ గుమాస్తా లోపలికి తొంగిచూశాడు. "తాతా, నీకూ ఆ కుర్చీకీ పెళ్ళి చేసేస్తే ఓ పనైపోతుంది."

"పొట్టి కాలు పిల్లని నాకంటగట్టకు," అన్నాడు ఆయన. పొద్దుటి పూట ఆయన నోటివెంట అంత పొడుగు మాట రావడం అరుదు.

పగలో రాత్రో ఎక్కడో పనిచేస్తూ, మిగిలిన గంటల్లో చదువుకునేవాళ్ళ రెండేళ్ళ కాలేజీ అది. ఏ పాఠం ముందు తీసుకోవాలో, ఏది తప్పితే ఏది ఆగిపోతుందో, అసలు సాగించాలో మానాలో తేలనివాళ్ళు ఈ గదికి వస్తారు. లోపల మేడమ్ వాళ్ళతో మాట్లాడుతుంది. బయట ఆయన గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని ఒకరి తర్వాత ఒకర్ని పంపుతాడు. అందుకే గుమ్మం తాత అయ్యాడు. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా వినపడదు.

కుర్చీ పక్కన వేయడం వరద నేర్పిన పని. నీళ్ళు తీశాక బల్ల ఉబ్బి కాళ్ళు ఊడాయి. కొత్తది వచ్చేదాకా నాలుగు నెలలు మేడమ్, వచ్చినవాళ్ళు ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు. కాగితం ఇద్దరి మోకాళ్ళ మీదా చెరి సగం ఉండేది. "ఎదురుగా కూర్చుంటే నాకు జవాబు చెప్పేవాళ్ళు పెద్దాయనా. పక్కన కూర్చుంటే మాట్లాడుతున్నారు," అంది ఆవిడ. కొత్త బల్ల వచ్చినా కుర్చీ మాత్రం అటు వెళ్ళలేదు.

ఎవరొచ్చినా ఆవిడ మార్కులు అడగదు. మొదట ఒకటే అడుగుతుంది: "పుస్తకం ఇంట్లో ఎక్కడ పెడతావు?" కర్టెన్ ఇవతల కూర్చుని ఆయన ఎన్ని జవాబులు విన్నాడో. ఫ్రిజ్ మీద. మంచం కింద. పక్కింట్లో. స్నానాల గదిలో అన్నాడొకడు. ఆ ఇంట్లో లోపలి గడియ ఉన్నది అక్కడేనట. ఆ జవాబు కొస పట్టుకుని ఆవిడ మిగతా కథంతా మెల్లగా బయటికి లాగేది.

ఆయన చదువు మూడో తరగతితో సరి. తర్వాత గిడ్డంగుల్లో బస్తాలు మోశాడు. నడుం మొరాయించాక ఈ కాలేజీ గేటుకు కాపలా వచ్చాడు, అక్కడి నుంచి ఈ గుమ్మానికి. ఇన్నేళ్ళలో ఆ గదిలోని కుర్చీలు వేల సార్లు తుడిచాడు. ఒక్కసారీ కూర్చోలేదు.

ఆ రోజు మానేసే కాగితానికి ఆఖరి రోజు. అయిదు గంటల్లోగా మేడమ్ చేత సంతకం పెట్టించి ఇస్తే పాఠం పేరు కొట్టేస్తారు. ఆ పైన వదిలేస్తే తప్పినట్టు రాస్తారు. మేడమ్ తొమ్మిదింటికి వచ్చింది. గుమ్మానికి ఉన్నవి మూడే మెట్లు. మూడో మెట్టు మీద ఆగి, గోడ పట్టుకుని, ఊపిరి పీల్చుకుంది. నెల రోజులుగా ఇదే వరస. మధ్యాహ్నందాకా పదకొండు మందితో మాట్లాడి లేచింది.

"ఆస్పత్రిలో చూపించుకుని మూడింటికల్లా వచ్చేస్తా. ఎవరైనా వస్తే కూర్చోబెట్టండి. కూర్చోకుండా ఎవర్నీ సంతకానికి వెళ్ళనివ్వకండి."

"వెంట రానా అమ్మా?"

"మరి గుమ్మం ఎవరు చూస్తారు?" అని నవ్వి వెళ్ళింది.

మూడైంది. మూడున్నరకు లాండ్రీ ఆవిడ వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళుంటాయి. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే పని. సబ్బునీళ్ళకు నాని వేళ్ళ కొనలు తెల్లగా పాలిపోయి ఉంటాయి.

"మేడమ్ లేరా బాబాయ్?"

"వస్తారు. కూర్చో."

"కూర్చునే తీరిక లేదు. అయిదింటికి డ్యూటీ. లెక్కలు మానేస్తున్నా, కాగితం ఇవ్వు."

ఆయన రోడ్డు వైపు చూశాడు. ఆవిడ గుమ్మంలోనే నిలబడి గడియారం చూసింది. అలా పావుగంట గడిచింది.

"పైన గుమాస్తా కూడా సంతకం పెట్టొచ్చట కదా?"

పెట్టకూడదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయనకు నోరు రాలేదు. "పెట్టొచ్చు," అన్నాడు. సొరుగులోంచి కాగితం తీసి, పెన్నుతోసహా బల్ల మీద, పొట్టి కాలు కుర్చీ ముందు పెట్టాడు. "కూర్చుని రాయి."

ఆవిడ కూర్చుంది. పేరు రాసింది. పాఠం పేరు రాసింది. కారణం అన్నచోట పెన్ను ఆగింది.

"ఇక్కడేం రాయాలి బాబాయ్?"

ఆయన బయటికి వెళ్ళి తన స్టూలు ఎత్తుకొచ్చాడు. ఆవిడ పక్కన వేసుకుని కూర్చున్నాడు. అవతలి పక్క మేడమ్ కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ మొహం వైపు కాకుండా కాగితం వైపు చూస్తూ అడిగాడు.

"పుస్తకం ఇంట్లో ఎక్కడ పెడతావమ్మా?"

"అదేం ప్రశ్న!" అని నవ్వింది. తర్వాత నవ్వలేదు. "ఇంటికి తీసుకెళ్ళను. లాండ్రీలో, ఇస్త్రీ దుప్పట్ల వెనక దాస్తా."

ఆయన స్టూలు కాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

"మా అమ్మాయికీ ఇవే లెక్కలు. తొమ్మిదో తరగతి. నేను ప్రశ్న చదివేలోపు అది చేసి పడేస్తుంది. దాని పక్కన కూర్చుని వేళ్ళు మడిచి లెక్కపెట్టమంటావా? రెండుసార్లు తప్పాను. దానికి పాసయ్యాననే చెప్పా. ఇదొక్కటి గట్టెక్కితే ల్యాబులో పని. లేదంటే జన్మంతా సబ్బునీళ్ళే. తెలుసు. అయినా నావల్ల కావట్లేదు."

మేడమ్ ఏమనేదో గుర్తు తెచ్చుకోబోయాడు. ఇన్నేళ్ళు కర్టెన్ పక్కన విన్నదాంట్లో ఒక్క ముక్కా సమయానికి రాలేదు.

"నాది మూడో తరగతి," అన్నాడు చివరికి. "అదీ మర్చిపోయా. ఈ తలుపు మీద ఏం రాసుందో నాకు నలభై అయిదేళ్ళప్పుడు మా చిన్నది చదివించింది. దానికి అప్పుడు పదేళ్ళు."

"సిగ్గేయలేదా?"

"చెమటలు పట్టాయి. ఓ వారం ఉంటుంది సిగ్గు. తర్వాత దానికే విసుగొచ్చి పోతుంది."

"నవ్విందా మీ అమ్మాయి?"

"నవ్వింది. నవ్వి, మళ్ళీ చెప్పింది."

ఆవిడ పెన్ను కాగితం మీద అడ్డంగా పెట్టింది. నాలుగూ ఇరవైకి లేచింది. అట్టముక్క జారి కుర్చీ ఒక పక్కకు ఒరిగింది. "దీన్ని బాగుచేయించండి బాబాయ్, ఎవరో ఒకరు పడిపోతారు," అంది. కాగితం బల్ల మీదే వదిలేసింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"రేపు మేడమ్ ఉంటారా? మా పిల్లకెలా చెప్పాలో అడగాలి."

"ఉంటారు."

ఎడమకు వెళ్తే గుమాస్తా దగ్గరికి మెట్లు, కుడికి వెళ్తే గేటు. ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. ఆవిడ కుడికి తిరిగింది.

అయిదూ పదికి ఫోన్ మోగింది. మేడమ్ తమ్ముడు.

"అక్క పోయింది పెద్దాయనా. మూడున్నరకి." అతనే మళ్ళీ అన్నాడు. "గుమ్మం దగ్గర ఎవరున్నారని అడిగింది. మీరున్నారని చెప్పాను."

ఆయన ఫోన్ పెట్టేశాడు. మూడున్నరకు తను 'వస్తారు, కూర్చో' అంటున్నాడు. స్టూలు తీసి మళ్ళీ గుమ్మం పక్కన వేసుకుని, ఊడ్చేవాళ్ళు వచ్చేదాకా కూర్చున్నాడు.

మర్నాడు కాలేజీకి సెలవిచ్చారు. ఆయన ఏడున్నరకే తాళం తీశాడు. కిటికీ తెరిచాడు. కుర్చీ మళ్ళీ బల్లకు ఎదురుగా ఉంది. రెండు చేతులా ఎత్తి ఇవతలికి తెచ్చి, ఎప్పటిచోట వేశాడు. అట్టముక్క కోసం జేబులో వెతికాడు. లేదు. బల్ల మీద లాండ్రీ ఆవిడ వదిలేసిన కాగితం ఉంది. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఆవిడ పేరు చదివాడు. కారణం అన్నచోట ఏమీ లేదు, సంతకం అన్నచోట ఏమీ లేదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి, వంగి, పొట్టి కాలి కింద దోపాడు.

అరచేత్తో నొక్కి చూశాడు. మేడమ్ ఖాళీ కుర్చీ పక్కన అది కదలకుండా నిలబడింది.