పొద్దుటి అంకె

బాలరాజు ఎడమచేతికి పట్టీ చుట్టుకుని, బల్లమీద చెయ్యి ఆనించి, మీట నొక్కాడు. యూనివర్సిటీలోని ఆ ఇరుకు గదిలో పంతొమ్మిదేళ్లుగా ఇదే అతని తొలి పని. బడిపిల్లల బీపీ చూడబోయే యంత్రాన్ని ముందు తన చేతిమీద చూసుకోవాలి, వచ్చిన అంకె పుస్తకంలో రాయాలి. నూట తొంభై ఆరు, కింద నూట పన్నెండు.

"మళ్ల ఖరాబైంది," అని గొణుక్కుని, 'యంత్రం ఎక్కువ చూపుతోంది' అని రాశాడు. మూడు నెలలుగా రోజూ అదే మాట. మెడ వెనక పోటు, మెట్లెక్కితే ఆయాసం వయసు ఖాతాలోకి పోయాయి. యాభై రెండేళ్లకు అంత వయసేమిటని భార్య భూదేవి అడుగుతూనే ఉంది. వినే చెవి ఉండొద్దూ!

బక్క మనిషి. పిల్లల మడమలు గోడకు ఆనించి ఎత్తు చూడడానికి వంగీ వంగీ ప్యాంటు మోకాళ్ల దగ్గర తెల్లబడిపోయింది. పెద్దయ్యాక బీపీ, షుగరు ఎవరికి వస్తాయో బడిలోనే పసిగట్టాలన్నది వాళ్ల పరిశోధన. అతను రాసుకొచ్చిన అంకెలతో ఎందరో డాక్టరేట్లు తెచ్చుకున్నారు. అతనిది మాత్రం ఇప్పటికీ ఏడాదికోసారి పొడిగించే కొలువే.

ఆ రోజు తార్నాక బడిలో ఏడో తరగతి. పిల్లలందరికీ మామూలుగానే వచ్చింది. శ్రీలలిత దగ్గరికి వచ్చేసరికి నూట యాభై నాలుగు. పాలిపోయిన మొహం, ఉబ్బిన కళ్లు.

"ఐదు నిమిషాలు కూసో బిడ్డా. మాట్లాడకు."

మూడుసార్లు చూసినా అంతే.

"తలకాయ నొస్తదా?"

"రోజూ నొస్తది సార్. బడి ఎగ్గొట్టనీకి అంటున్నవని అమ్మ తిడ్తది."

బాలరాజు వరండాలోకి వెళ్లి డాక్టర్ రెబెకాకు ఫోను చేశాడు. పరిశోధన అంతా ఆవిడదే.

"మూడు నెలలుగా యంత్రం ఎక్కువ చూపుతోందని మీరే రాశారు బాలరాజుగారూ. పుస్తకం నా ముందే ఉంది. దాన్ని నమ్మి పిల్లని ఆసుపత్రికి ఎలా పంపుతాం? ఆ అంకె కొట్టేయండి. వచ్చే నెల కొత్తది వచ్చాక చూద్దాం."

"మిగిలిన పిల్లలకు సక్కగనే వస్తున్నది మేడమ్."

"అయితే మీ ఒక్కరికే తప్పు చూపుతోందా?"

బాలరాజు ఫోను పెట్టేశాడు. ఆ ఉబ్బిన కళ్లు మాత్రం నెలరోజులు ఆగేలా లేవు.

మధ్యాహ్నం అన్నం మానేసి, యంత్రం సంకన పెట్టుకుని హబ్సిగూడ వెళ్లాడు. యంత్రాలు బాగుచేసే కరుణాకర్ దాన్ని పాదరసం గొట్టానికి తగిలించి నాలుగుసార్లు సరిచూశాడు.

"మిషన్ మంచిగున్నదన్నా. మరి రోజూ ఎక్కువొస్తున్నదంటివి, అది ఎవరి బీపీ?"

"నాదే."

కరుణాకర్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. "ఇప్పుడే దవాఖానకు పో అన్నా."

"పోత. ముందు పిల్లదాని పని కానీ."

తనకు మాలిన ధర్మం పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు. ఈ మనిషికి అది ఎక్కలేదు. గదికి తిరిగొచ్చి, రెబెకా దగ్గరున్న పుస్తకం తెచ్చుకుని, మూడు నెలల మాటలనూ ఎర్ర సిరాతో ఒక్కొక్కటే కొట్టేసి, పక్కన సంతకాలు పెట్టాడు. ఆ పిల్ల అంకె నిలబడిందని సంతోషంగా ఉంది. తన అంకెలన్నీ నిలబడ్డాయని భయంగానూ ఉంది. రెబెకా పుస్తకం చూసి, పిల్లను రేపు పదింటికి ఆసుపత్రికి పంపమంది. బడి విడిచే వేళకు ఆసుపత్రి చీటీ రాసి, చింపి, తీసుకుపోయి తల్లి చేతిలో పెట్టాడు.

"ఎగ్గొట్టనీకి కాదమ్మా. దానికి నిజంగనే నొస్తున్నది."

మళ్లీ గదికొచ్చి ఫ్యాను కింద కూర్చున్నాడు. ఆరింటికి తాళం వేయడానికి వచ్చిన అటెండరు దివాకర్, గడ్డం గుండెకు ఆనించుకున్న మనిషిని చూసి, అలసి నిద్రపోయాడనుకుని కాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. పిలిచినా పలకకపోయేసరికి వచ్చి భుజం తట్టాడు. ఒళ్లు అప్పటికే చల్లబడింది.

మర్నాడు పదింటికి శ్రీలలిత తల్లితో ఆసుపత్రికి వెళ్లింది. యూనివర్సిటీలో బాలరాజు గదిలో బల్లమీద చీటీల పుస్తకం తెరిచే ఉంది. చింపిన చీటీ కింద ఇంకొకటి రాసి ఉంది, చింపలేదు. పేరు బాలరాజు, రేపు పది గంటలకు, తరగతి అన్నచోట చిన్న గీత.