మలాకీ ఇంట్లో పాట కచేరీ

ఐర్లండ్‌లో క్లేర్ అనే ప్రాంతంలోని ఒక పల్లెలో అసలైన ఐరిష్ సంగీతం వినిపిస్తానని బస్సెడు విదేశీ టూరిస్టుల్ని వెంటేసుకొచ్చిన గైడు డెర్వ్‌లా, పొరపాటున కచేరీ జరిగే ఇంటికి బదులు పక్కింటి తలుపు తోసింది. లోపల ముసలి మలాకీ శవపేటికలో ఉన్నాడు. పోయినవాళ్ళని పాటలతో సాగనంపే అక్కడి ఆచారానికి చేరిన బంధువులు చుట్టూ టీ తాగుతున్నారు. ఇదంతా నాటకమనుకున్న ఒక జర్మన్ పెద్దాయన చప్పట్లు కొట్టాడు.

డెర్వ్‌లా సిగ్గుతో చితికిపోయింది. "తప్పయిపోయింది అట్రాక్టా పిన్నీ, ఇప్పుడే వెళ్ళిపోతాం."

"ఎక్కడికే వెళ్ళేది? కూర్చోండి," అంది మలాకీ భార్య, శాండ్‌విచ్‌ల పళ్ళెం అందిస్తూ. "బతికినన్నాళ్ళూ ఈయన ఊరు దాటలేదు. ఇవాళ దేశదేశాలూ ఈయన్ని చూడటానికొచ్చాయి."

మలాకీ తమ్ముడు ఫిడేలు అందుకున్నాడు. వచ్చినవాళ్ళంతా గొంతు కలిపారు.

వెళ్ళేముందు జర్మన్ పెద్దాయన, "ఈ కార్యక్రమం ప్రతి వారం ఉంటుందా అమ్మా?" అని అడిగాడు.

డెర్వ్‌లా కళ్ళు మూసుకుంది. పొద్దుటినుంచీ ఏడుస్తున్న అట్రాక్టా మాత్రం పడీపడీ నవ్వింది.

"లేదు నాయనా, మా ఆయన ఒక్కసారికే ఒప్పుకున్నాడు."